మేకు పడని హాలు

మా ఆయనకు చెవుడు. అలాగని అందరికీ వచ్చే చెవుడు కాదు. అవసరాన్ని బట్టి వస్తుంది, అవసరాన్ని బట్టి పోతుంది. వంటింట్లోంచి నేను గొంతు చించుకుని పిలిచినా పలకడు. పక్కవీధిలో ఎవరైనా చెక్క మీద రంపం వంకరగా లాగితే మాత్రం కూర్చున్న చోటి నుంచే, "ఆ రంపానికి పదును పెట్టుకోమనవే" అంటాడు. సుత్తి మోతల మధ్య బతికిన మనిషి, ఒక చెవి నిజంగానే కొంచెం దెబ్బతింది, కాదనను. ఆ కొంచెమే అడ్డం పెట్టుకుని కాపురమంతా నెట్టుకొచ్చాడు.

ఆయన వడ్రంగి. ఊళ్ళో ఆయన్ను 'మేకులేని మేస్త్రి' అంటారు. మొదట్లో ఎగతాళికి అన్నారు, ఇప్పుడు మర్యాదగా అంటున్నారు. ఎగతాళి మర్యాదగా మారడానికి ఆయన జుట్టంతా తెల్లబడాల్సి వచ్చింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు బడి సంగతి చెప్పాలి. బడి సంగతి చెప్పాలంటే నా కోపం సంగతి చెప్పాలి. కోపంతోనే మొదలుపెడతాను, నాకు బాగా చేతనైంది అదే.

పెద్ద వీధి మలుపులో ఎర్ర ఇటుకల మేడ ఒకటి ఉంది. పొడుగాటి వరండా, పైన అరచంద్రం ఆకారంలో అద్దాల కిటికీలు, ముందు గోడ నెత్తిన ఇటుకల్లోనే తీర్చిన సిలువ. క్రైస్తవ సంఘం వాళ్ళు ఆడపిల్లల కోసం కట్టిన హైస్కూలు అది. బడి మూతపడి ఎన్నేళ్ళయినా ఊరు దాన్ని ఇంకా 'బడి' అనే పిలుస్తుంది. పన్ను నొప్పెడితే "బడికెళ్ళి పీకించుకుని వస్తా" అంటారు. ఎందుకో తర్వాత చెబుతాను.

కింద మధ్యలో పెద్ద హాలు. నున్నటి కొయ్య స్తంభాలు, వాటి మీద పై అంతస్తును మోసే లావుపాటి దూలాలు, నడిస్తే తియ్యగా కిర్రుమనే చెక్క నేల. ఒక కొసన స్టేజీ, రెండో కొసన పెద్ద తలుపు. స్టేజీ వెనక గోడ మీద నీలం అక్షరాలతో బైబిలు వాక్యం ఒకటి రాసి ఉండేది. పొద్దున ప్రార్థన అక్కడే, పరీక్షలు అక్కడే, తిట్లూ అక్కడే. ఒక మూల కాళ్ళతో తొక్కుతూ వాయించే పెట్టె ఉండేది. దానికి రెండు మెట్లు పలికేవి కావు. పాటల టీచరు వాయిస్తూ వాయిస్తూ ఆ రెండు స్వరాలూ వచ్చినప్పుడు తానే నోటితో అనేసేది. మాకు అలవాటైపోయి, అన్ని మెట్లూ పలికే పెట్టె ఎక్కడైనా వింటే అదేదో పాడైపోయిందనుకునేవాళ్ళం.

ఆ బడికి ఒక పద్ధతి ఉండేది. పై క్లాసు పిల్లలు బడి విడిచి వెళ్ళే రోజున ఒక్కొక్కరే స్టేజీ ఎక్కాలి. మైకు లేకుండా, తన సొంత వాక్యం ఒకటి చెప్పాలి. పుస్తకంలోది పనికిరాదు, దేవుడి వాక్యమైనా సరే పనికిరాదు. పెద్ద టీచరమ్మ అవతలి కొసన, ఆ పెద్ద తలుపు దగ్గర నిలబడేది. వినపడితే తెల్ల చేతిరుమాలు పైకెత్తేది. వినపడకపోతే, "వినపడలేదు. మళ్ళీ చెప్పు" అనేది. అంతే. కోపం ఉండదు, జాలీ ఉండదు. నాకంటే ముందు సంవత్సరం ఒక పిల్ల ఏడుస్తూ చెప్పీ చెప్పీ చివరికి విసుగొచ్చి అరిచింది. రుమాలు లేచింది. ఆ పిల్ల ఇప్పుడు కోర్టులో వకీలు. జడ్జీలే చెవులు మూసుకుంటారట.

"పరీక్ష తప్పితే మళ్ళీ రాసుకోవచ్చమ్మా. గొంతు తప్పితే ఇంకెక్కడా ఇవ్వరు" అనేది పెద్ద టీచరమ్మ.

నేను ఆరో క్లాసు నుంచే నా వాక్యం తయారుచేసుకుంటూ వచ్చాను. ఏడాదికొకటి మార్చాను. తీరా మా వంతు వచ్చే ఏడు, సంవత్సరం మధ్యలో, బడి మూసేశారు. పిల్లలు తగ్గిపోయారు, ఊళ్ళో వేరే బళ్ళు వచ్చాయి, నడిపే సంఘం చేతులెత్తేసింది. మమ్మల్ని ఊరవతలి బడిలో కూర్చోబెట్టి పరీక్ష రాయించారు. పాసయ్యాను. నీ వాక్యమేదని ఎవరూ అడగలేదు. అన్నం అరగకపోతే పొట్టలో ఎలా ఉంటుందో అలా ఉండిపోయింది నాలో అది.

తర్వాత బస్‌స్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది ఎప్పుడు కదులుతుందో మైకులో చెప్పే ఉద్యోగం వచ్చింది నాకు. రిటైరయ్యేదాకా అదే పని. ఊరంతా నా గొంతు వింది. అయితే ఏం, అదంతా మైకు గొంతు. పైగా చెప్పిందంతా ఇతరులు ఎక్కడికి పోతున్నారో, అది.

బడి మేడను ఒక నూలు వ్యాపారి కొన్నాడు. హాలంతా ఖాళీగా ఉంటే ఆయనకేం లాభం, నూలు బేళ్ళకు గదులు కావాలి, గుమాస్తాలకు గదులు కావాలి. ఒకరోజు అమ్మతో అటుగా పోతూ తెరిచున్న తలుపులోంచి చూశాను. చెవి వెనక పెన్సిలు పెట్టుకుని ఒక కుర్రాడు మా హాలుకు అడ్డంగా చెక్కలు నిలబెడుతున్నాడు. ఆ కొసన ఉన్న స్టేజీ ఇటు నుంచి సగమే కనపడుతోంది.

"మా హాలును ముక్కలు చేస్తున్నాడమ్మా వాడు" అని రోడ్డు మీదే ఏడ్చాను.

ఆ పని ఇంకా పూర్తవనే లేదు, నాకు సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు ఎవరంటే ఆ పెన్సిలు మనిషే. చేసుకోనని మొండికేశాను. మా అమ్మ తాపీగా, "హాలు అమ్మింది అతనా? చెప్పిన పని చేశాడు. చేతిలో పనుంది, నోట్లో తిట్టు లేదు. ఇంకేం కావాలే నీకు?" అంది. మా అమ్మతో వాదించి గెలిచినవాళ్ళు ఎవరూ లేరు.

పెళ్ళయిన మొదటి వారంలోనే అడిగేశాను. "మా హాలును ఎందుకు ముక్కలు చేశారు?"

"ముక్కలు చెయ్యలేదు. అడ్డం పెట్టానంతే."

"రెంటికీ తేడా ఏంటట?"

"విప్పినప్పుడు తెలుస్తుంది."

"ఎప్పుడు విప్పుతారు?"

అప్పుడు వచ్చింది ఆయనకు చెవుడు, మొట్టమొదటిసారి. నేను నా వాక్యం సంగతి, రుమాలు సంగతి, నా వంతు రాకుండా పోయిన సంగతి అంతా వెళ్ళగక్కాను. ఆయన గోడకేసి చూస్తూ ఉలికి పదును పెట్టుకుంటున్నాడు. గోడకు చెప్పుకున్నా ఒకటే, ఈయనకు చెప్పుకున్నా ఒకటే అనుకుని ఊరుకున్నాను.

ఆయన పనితీరు నాకు నెమ్మదిగా తెలిసింది. అడ్డుగోడ కట్టాలంటే అందరూ నిలువు చెక్కను దూలానికి ఆనించి మేకులు దిగ్గొడతారు. ఈయన అలా కాదు. నేలకూ దూలానికీ మధ్య పట్టేలా నిలువు చెక్క కోస్తాడు, పైన వేలెడు సందు ఉంచుతాడు. ఆ సందులో ఆపుచెక్క దూరుస్తాడు. అంటే ఒక కొస లావుగా, ఒక కొస పలచగా చెక్కిన ముక్క. దాన్ని కొయ్య సుత్తితో కుడి నుంచి ఎడమకు కొట్టేకొద్దీ నిలువు చెక్క బిగుసుకుంటుంది, ఏనుగు తోసినా కదలదు. విప్పాలంటే ఎడమ పక్కన, పలచటి కొస మీద ఒక్క దెబ్బ. ఊడి వస్తుంది. దూలానికి గీత కూడా పడదు. పని మాత్రం రెండింతలు. అందుకే సగం మంది ఆయన దగ్గరికి వచ్చేవారు కాదు.

ఇక మా బావగారు. మా ఆయనకు అన్న, ఆయనా వడ్రంగే, ఇద్దరూ పనిచేసే పాక ఒకటే. ఆయన్ను 'మేకుల మేస్త్రి' అనేవాళ్ళు. పొద్దస్తమానం నోటినిండా మేకులే, అందుకే మాట తక్కువ. మేకులు ఉమ్మేసి మాట్లాడితే మాత్రం తమ్ముణ్ణి ఎగతాళి చెయ్యడానికే. "మేకు కనిపెట్టినవాడు తెలివితక్కువోడా రా? గంటలో అయ్యే పని రోజంతా నాకుతావు" అనేవాడు. ఈయన నవ్వి ఊరుకునేవాడు. పైకి ఎంత నవ్వినా లోపల గుచ్చుకునే ఉంటుంది. నాకే గుచ్చుకునేది మరి.

బావగారిది ఎడమచేతి వాటం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో వంటింటికి ఒక అలమర చేసి ఇచ్చాడు. మంచి చెక్క, గట్టి పని. కాకపోతే తలుపులు తప్పు వైపుకి తెరుచుకుంటాయి, గడియ తప్పు పక్కన ఉంటుంది. తెరిచిన ప్రతిసారీ మోచెయ్యి గోడకు తగులుతుంది. "ఈ అలమర చేసినాయన చెయ్యి..." అని మొదలుపెట్టి, పెద్దవాడు కదా అని మింగేసేదాన్ని. మార్చమని మా ఆయన్ను వెయ్యిసార్లు అడిగాను.

"అన్నయ్య చేసింది. ఉండనీ" అనేవాడు. ఆ విషయంలో చెవుడు కూడా అవసరం లేదు ఆయనకు.

బడి మేడ చాలామంది చేతులు మారింది. నూలు పోయి అద్దె గదులొచ్చాయి. ఒక గదిలో టైపు నేర్పేవాళ్ళు, ఒక దాంట్లో ఫొటో స్టూడియో, ఒక దాంట్లో దర్జీ, ఒక దాంట్లో పళ్ళ డాక్టరు. అందుకే ఆ "బడికెళ్ళి పీకించుకోవడం". ఎవరికి ఏ మార్పు కావాలన్నా మేడ చూసుకునే గుమాస్తా మా ఆయన్నే పిలిచేవాడు. పిలవకపోయినా ఈయన వెళ్ళేవాడు. ఏ స్తంభానికైనా ఎవరైనా క్యాలెండరు కోసం మేకు కొట్టబోతే సుత్తి లాక్కునేవాడు. స్తంభం చుట్టూ తాడు కట్టి దానికి క్యాలెండరు తగిలించి వచ్చేవాడు. పళ్ళ డాక్టరు తన బోర్డు కోసం మేకు తీసి పట్టుకుంటే, "అయ్యా, మీరు పీకేవాళ్ళు, మీరే కొడితే ఎలా?" అన్నాడట. డాక్టరు నవ్వి మేకు జేబులో వేసుకున్నాడు.

పక్కింటావిడ ఒకసారి నన్ను పట్టుకుని, "మీ ఆయనకు ఆ మేడేమన్నా అత్తారిల్లా, పొద్దున్నే పోయి చూసొస్తాడు?" అంది.

"అవును, నేను చదివిన బడి. అత్తారిల్లు కాక మరేంటి?" అన్నాను. బయటివాళ్ళ ముందు మొగుణ్ణి వెనకేసుకు రావడం వేరు, ఇంట్లో నమ్మడం వేరు. ముక్కలు చెయ్యలేదన్న ఆ మాట మాత్రం నాకు ఎక్కలేదు. గోడలు కనపడుతున్నాయి కదా కళ్ళెదురుగా.

ఈ ఏడాది ఆ మేడను ఊరి పురపాలక సంఘం తీసుకుంది. చదువుకునే గది, పుస్తకాల గది, అంతా కలిపి పెద్ద లైబ్రరీ చేస్తారట. మేడ చూడ్డానికి ఇంజనీరమ్మ వచ్చింది. చిన్నదే, మా మనవరాలి ఈడు, ఎండలో తిరిగి తిరిగి మొహం కందిపోయింది. బడిలో చదివినవాళ్ళం కొందరం, ఊళ్ళో మిగిలినవాళ్ళం, వరండాలో పోగయ్యాం. మా ఆయనా వచ్చాడు, చెవి వెనక పెన్సిలుతో.

ఇంజనీరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. "గోడలు బాగున్నాయండి. పైన గదులు బాగున్నాయి. హాలు మీదే నాకు అనుమానం. ఇలాంటివి చాలా చూశాను. అడ్డుగోడలు పీకేసరికి స్తంభాలు, దూలాలు జల్లెడలా ఉంటాయి. అలాంటి వాటి మీద పుస్తకాల బరువు పెట్టలేం. అలాగే ఉంటే హాలు కూల్చేసి కొత్తది పోసేస్తాం. నాకూ ఇష్టం లేదు, కానీ తప్పదు."

"ఇందులో ఒక్క మేకు లేదమ్మా" అన్నాడు మా ఆయన.

పక్కనున్న కాంట్రాక్టరు కిసుక్కున నవ్వాడు. "మేకు లేకుండా గోడ గాల్లో నిలబడిందా తాతా?"

నాకు ఎక్కడ మండిందో తెలియదు. "మా ఆయన లేదన్నాడంటే లేదు" అన్నాను. బస్‌స్టాండు గొంతు కదా, వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు. నేనే నమ్మని మాటకు ఊరందరి ముందు నేను పూచీ పడ్డాను.

ఇంజనీరమ్మ ఆయనకేసి చూసింది. "అయితే మీరే విప్పండి. మీ మనుషుల్ని తెచ్చుకోండి. దూలాలు బాగుంటే హాలు ఉంటుంది. నాదీ మాట."

ఆ సాయంత్రం ఆయన భోజనం దగ్గర కూర్చుని కంచంలో గీతలు గీస్తున్నాడు. ఎప్పుడూ గీతలు గీసేది చెక్క మీదే. ఏంటని అడిగాను. చెవుడు రాలేదు.

"స్టేజీ ముందున్న గోడ నేను కట్టలేదు" అన్నాడు.

"మరి?"

"మన పెళ్ళికి వచ్చేశాను కదా. అదొక్కటే మిగిలింది. నూలాయన ఆగనన్నాడు. అన్నయ్య పూర్తి చేశాడు."

స్టేజీ ముందు దూలం అన్నిటికంటే పెద్దది. పై గదుల బరువంతా దాని మీదే. దానికి మేకుల మేస్త్రి గోడ కట్టాడు.

"మేకులు కొట్టొద్దని చెప్పలేదా?"

"చెప్పాను. 'నీ పెళ్ళి నువ్వు చూసుకో, గోడ నేను చూసుకుంటా' అన్నాడు."

"తర్వాతైనా అడగొద్దూ?"

"ఎలా అడగను? కొట్టానంటే ఏం చెయ్యను? అన్నయ్య కదా." గీతలు గీస్తూనే అన్నాడు, "పెద్ద టీచరమ్మకు మాటిచ్చాను. నేను కొలతలు తీసుకుంటుంటే తాళాలు అప్పగించడానికి వచ్చింది. 'మళ్ళీ ఎవరైనా విప్పుకోవాలంటే వీలుగా కట్టగలవా' అంది. కడతానన్నాను. చిన్నప్పటి నుంచీ తెలుసు ఆవిడ నాకు. మా నాన్నతో బల్లలు బాగుచెయ్యడానికి వెళ్ళేవాణ్ణి. ఆ తలుపు దగ్గర రుమాలు పట్టుకుని నిలబడేది. కిటికీ బయట నుంచి మీ ఆడపిల్లల వాక్యాలన్నీ వినేవాణ్ణి."

"నా వంతు రాలేదు" అన్నాను.

"తెలుసు. మొదటి వారంలోనే చెప్పావుగా."

"విన్నారా?"

ఆయన కంచం తీసుకుని లేచాడు. అది మాత్రం ఆ పాత చెవుడే.

బావగారు పోయి చాలా ఏళ్ళయింది. వెళ్ళి అడగడానికి లేదు. రాత్రంతా ఇద్దరం చెరోవైపుకు తిరిగి నిద్రపోయినట్టు నటించాం.

విప్పే రోజు పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేను హడావిడిలో అలమర తెరిచి మోచెయ్యి గోడకు కొట్టుకున్నాను, బావగారిని మామూలుగా తలుచుకున్నాను. మేం వెళ్ళేసరికి వరండా నిండుగా ఉంది. మా బడి పిల్లలు, పిల్లలంటే అందరికీ కళ్ళద్దాలే, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. గొంతు పోగొట్టుకోబోయి గెలిచిన ఆ వకీలు కూడా వచ్చింది.

మొదటి గోడ దగ్గర ఆయన నిచ్చెన ఎక్కాడు. పైన ఆపుచెక్కలను కప్పిన పట్టీ ఊడదీసి, వేళ్ళతో తడిమి, ఎడమ పక్కన కొయ్య సుత్తితో ఒక్కటి వేశాడు. టక్కుమని ఆపుచెక్క కుడి పక్కకు జారింది. నిలువు చెక్క నిద్రలో తల వాల్చినట్టు వాలింది. ఇద్దరు పనివాళ్ళు పట్టుకుని నేల మీద పడుకోబెట్టారు. ఇంజనీరమ్మ టార్చి వేసి దూలం తడిమింది. రంగు గీత ఒకటి ఉంది, అంతే. బొక్క లేదు.

"ఏమీ లేదండీ" అంది తనలో తాను చెప్పుకున్నట్టు. కాంట్రాక్టరు కూడా ఎక్కి చూశాడు. దిగి, నిచ్చెన కదలకుండా తనే పట్టుకున్నాడు.

రెండో గోడ పోయింది. మూడోది పోయింది. దర్జీ గది, ఫొటో గది, పళ్ళ డాక్టరు గది అన్నీ పోయి, వాటి మధ్య ఇన్నాళ్ళూ విడివిడిగా పడ్డ కిటికీల వెలుగంతా ఒక్క నేల మీద కలిసింది. ఆ వెలుగులో దుమ్ము లేస్తోంది. ఎవరో వెనక నుంచి ముక్కు ఎగబీల్చారు. నేను ఏడవలేదు. నా కళ్ళు ఆ చివరి గోడ మీదే ఉన్నాయి.

ఆయన దాని ముందు నిచ్చెన వేసి చాలాసేపు ఎక్కలేదు. ఎక్కి చూస్తే దీనికి పట్టీ లేదు. లోపల ఆపుచెక్కలున్నాయో మేకులున్నాయో తెలియకుండా రంగు మీద రంగు పూసి గడ్డకట్టి ఉంది. ఎడమ పక్కన సుత్తి వేశాడు. కదల్లేదు. గట్టిగా వేశాడు. మోత మారింది, రాయి మీద కొట్టినట్టుంది. ఇంకోటి వేశాడు. ఇంకా బిగిసింది.

"మేకులు దించేసి ఉంటారు తాతా" అన్నాడు కాంట్రాక్టరు. ఈసారి నవ్వలేదు, నిజంగానే బాధపడ్డాడు. "గునపంతో లేపుదాం. దూలం చీలితే చీలుతుంది, ఏం చేస్తాం."

ఆయన సుత్తి కిందకు దించాడు. "అన్నయ్యా" అన్నాడు, అంతే. తిట్టూ కాదు, పిలుపూ కాదు. ఆ మొహం నేను కాపురంలో ఎప్పుడూ చూడలేదు, చూడలేకపోయాను కూడా. తల దించుకుని, పొద్దున తగిలిన మోచెయ్యి రుద్దుకుంటూ నిలబడ్డాను. రుద్దుకుంటూ రుద్దుకుంటూ ఆగాను.

"ఏవండీ" అన్నాను. "మన వంటింటి అలమర ఎటు తెరుచుకుంటుంది?"

"ఇప్పుడు అలమర ఏంటే?"

"ఎటు తెరుచుకుంటుందో చెప్పండి ముందు."

ఆయన నాకేసి చూశాడు. గోడకేసి చూశాడు. తన కుడిచేతిలో ఉన్న సుత్తికేసి చూశాడు. ఎడమచేతి మనిషి ఎటు నుంచి కొడతాడు? ఎడమ నుంచి కుడికి. ఈయన విప్పుతున్నాననుకుని ఇందాకటి నుంచీ బిగిస్తున్నాడు. మెల్లగా నిచ్చెన దిగాడు, దాన్ని కుడి పక్కకు జరిపించాడు, మళ్ళీ ఎక్కాడు. ఉలి కొసతో రంగు గీకాడు. అక్కడ ఉంది పలచటి కొస. దాని మీద ఒక్క దెబ్బ, అదీ మెల్లగా. ఆపుచెక్క ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది.

తీసి చూశాను. వికారంగా ఉంది పాపం. చిత్రిక పట్టలేదు, ఒక వైపు రంపం గీతలు, ఒక వైపు ఉలి గాట్లు. చేతకాని పనిని పట్టుబట్టి చేసిన మనిషి చేతి గుర్తులు. వరుసగా అన్నీ అలాగే ఊడొచ్చాయి. ఒక్కటీ నున్నగా లేదు. ఒక్క మేకూ లేదు. ఆ పెద్ద దూలం చంటిబిడ్డ ఒళ్ళంత శుభ్రంగా ఉంది.

ఆయన నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయి, ఆ వంకర ముక్కలు ఒళ్ళో వేసుకున్నాడు. "నా కోసం మేకులు మానేశాడే" అన్నాడు. "పోయేదాకా ఎగతాళి చేస్తూనే ఉన్నాడు. ఒక్కసారైనా చెప్పలేదు చూడు." అని అందరి ముందూ ఏడ్చాడు. నేను ఆపలేదు. ఆ అన్నకు ఆ మాత్రం దక్కాలి. ఆ అలమర ఇక మార్చమని అడగనని అప్పుడే మనసులో అనుకున్నాను. ఇప్పటిదాకా అడగలేదు. మోచెయ్యి మాత్రం తగులుతూనే ఉంది.

ఇంజనీరమ్మ దూలం ఈ కొస నుంచి ఆ కొసకు చూసి వచ్చి, ఆయన ముందు నేల మీదే కూర్చుంది. "హాలు ఉంటుందండీ. స్తంభాలు, దూలాలు, నేల, అన్నీ ఉన్నవి ఉన్నట్టే. ఇలాంటిది నేను ఇంతవరకూ చూడలేదు. కొత్త అరలు కూడా మేకు లేకుండానే పెట్టించాలి. ఎలాగో మా వాళ్ళకు చూపిస్తారా?"

"చూపిస్తాలే అమ్మా" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

దుమ్ము అణిగాక చూస్తే ఎదురుగా స్టేజీ. గోడ మీద నీలం అక్షరాలు వెలిసిపోయాయి కానీ చదవడానికి వస్తున్నాయి. వకీలు నా భుజం మీద చెయ్యి వేసింది. "నీ వంతు రాలేదు కదే. ఎక్కు" అంది. నేను వద్దు వద్దంటూనే ఎక్కాను. వద్దనేవాళ్ళు అంత తొందరగా ఎక్కరని తర్వాత అందరూ నవ్వారు. నవ్వితే నవ్వనీ.

పైన నిలబడి చూస్తే నిచ్చెన దగ్గర మా ఆయన లేడు. ఎక్కడున్నాడా అని వెతికాను. హాలు అవతలి కొసన, పెద్ద తలుపు దగ్గర నిలబడ్డాడు. పెద్ద టీచరమ్మ నిలబడే చోటే, అదే నేలచెక్క మీద. ఒంటి నిండా పాత రంగు పొట్టు, భుజాన తువ్వాలు.

ఆరో క్లాసు నుంచీ తయారుచేసుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు. ఒక్కటీ పనికొచ్చేది కూడా కాదు.

"ఈ హాలును మా ఆయన ముక్కలు చెయ్యలేదు, దాచిపెట్టాడు" అన్నాను.

నా గొంతు దూలాల కింద నుంచి సాగి ఆ కొసదాకా వెళ్ళడం నాకే తెలిసింది. అందరూ అటు తిరిగారు. ఆయన అరచెయ్యి చెవికి ఆనించి కొంచెం ముందుకు వంగాడు.

"వినపడలేదు. మళ్ళీ చెప్పు" అన్నాడు.

హాలంతా గొల్లుమంది. ఆయనకు వినపడిందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. అయినా నేను ఊపిరి నిండా పీల్చుకుని మళ్ళీ చెప్పాను, ఈసారి వీధి దాకా వినపడేలా చెప్పాను.

ఆయన భుజం మీద తువ్వాలు తీసి పైకెత్తాడు. నేను స్టేజీ దిగి, హాలు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, ఆయన దగ్గరికి చేరేదాకా దించలేదు.